అభ్యర్థుల చర్చ: హాజరయ్యానా, పాల్గొన్నానా?

సందేహం: ఈ మధ్యనే అమెరికా పౌరసత్వం వచ్చింది. మేముండే టెక్సాస్ ఊళ్లో నగర కౌన్సిలు ఎన్నికల్లో తొలిసారి ఓటు వేయబోతున్నాను. పోటీలో ఉన్నవారిని గ్రంథాలయంలో ఒకే వేదికపై కూర్చోబెట్టి ప్రశ్నలడిగే సభ ఒకటి జరిగితే వెళ్లాను. గుంటూరులోని మా అన్నయ్యకు ‘అభ్యర్ధుల చర్చలో పాల్గొన్నాను’ అని రాస్తే, ‘నువ్వెప్పుడు నిలబడ్డావమ్మా?’ అని ఫోను చేశాడు. ‘హాజరయ్యాను’ అందామంటే బడి గుర్తొస్తోంది. ‘చర్చ’ కన్నా ‘వాదోపవాదం’ నయమా?
– ఒక పాఠకురాలు

సమాధానం: మీ అన్నగారు సరిగానే అర్థం చేసుకున్నారు. పాలు, అంటే వాటా, కొనడమే పాల్గొనడం కాబట్టి, ‘అభ్యర్థుల చర్చలో పాల్గొన్నాను’ అంటే ఆ మాటల్లో మీకూ వాటా ఉందనీ, మీరూ వేదికపై ఉన్నారనీ వినేవారికి తోస్తుంది. ‘హాజరు’ అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా మనకు వచ్చిన మాట. అది తప్పు కాదు గానీ, కోర్టు వాయిదాకూ సర్కారు కచేరీకీ బడిలోని హాజరుపట్టీకీ అలవాటుపడి, రాకపోతే ఎవరో అడుగుతారన్న ధ్వని తెచ్చుకుంది. ఇష్టపడి వెళ్లిన సభకు ‘వెళ్లాను’ అన్న అచ్చతెలుగు క్రియ చాలు. ‘విచ్చేశాను’ అని మాత్రం ఎన్నడూ రాయకండి. అది ఎదుటివారి రాకను గౌరవించే మాట, తనకు తాను చెప్పుకొనేది కాదు.

ఇక అసలు చిక్కు సభ పేరులో ఉంది. ‘చర్చ’కు అమరకోశం రెండు అర్థాలు చెబుతుంది: విచారణ ఒకటి, ఒంటికి పూసుకునే గంధపుపూత రెండోది. చందనచర్చ అన్నప్పుడు ఉన్నది ఈ రెండో చర్చే. (ఎన్నికల వేళ రెండర్థాలూ కలిసిపోతాయని ఎవరైనా అంటే నేను అడ్డుచెప్పను.) విచారణ అనే అర్థంలో చర్చ జరగాలంటే ఒకరి మాటకు ఇంకొకరు బదులు చెప్పాలి. ‘వాదోపవాదం’లో ఆ బదులు మరింత గట్టిగా ఉంటుంది; ‘వాగ్వాదం’ అయితే నేటి వాడుకలో మాటల తగాదాయే. మన ప్రాచీన తర్కశాస్త్ర గ్రంథమైన న్యాయసూత్రాలు ఇలాంటి సంభాషణను మూడుగా విడదీశాయి: నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, తన పక్షమంటూ నిలపకుండా ఎదుటివాడి పక్షాన్ని పడగొట్టడమే పనిగా పెట్టుకున్నది వితండం. మనం మూడోదాన్నే ‘వితండవాదం’గా మిగుల్చుకున్నాం, జల్పం పేరు మరచిపోయాం, పని మరవలేదు.

అమెరికా ఊళ్లలో డిబేట్ వేరు, ఫోరం వేరు. లీగ్ ఆఫ్ విమెన్ ఓటర్స్ అనే సంస్థ 1920లో పుట్టి, 1976, 1980, 1984లలో అధ్యక్ష అభ్యర్థుల డిబేట్లు నడిపింది; స్థానిక ఎన్నికలకు దాని శాఖలు ఎక్కువగా పెట్టేది ఫోరమే. అందులో ఓటర్లు చీటీల మీద రాసిచ్చిన ప్రశ్నను సంధానకర్త చదువుతారు, అందరూ అదే ప్రశ్నకు వరసగా నిమిషమో రెండు నిమిషాలో జవాబిస్తారు, గడువు కాగానే ముందు వరసలోంచి ఎవరో అట్ట ఎత్తి చూపుతారు. పక్కవాడి జవాబును ఖండించే వీలు సాధారణంగా ఉండదు. మీరు చెప్పినదాన్ని బట్టి మీ గ్రంథాలయంలో జరిగింది ఇదే. అభ్యర్థులు ఒకరితో ఒకరు మాట్లాడుకోనప్పుడు దాన్ని చర్చ అనడం కన్నా, మన పత్రికలకు బాగా అలవాటైన ‘ముఖాముఖి’ అనడమే నాకు సరిగా తోస్తుంది. టెక్సాస్ పురపాలక ఎన్నికల్లో, మన సర్పంచి ఎన్నికల్లాగే, బ్యాలెట్ మీద పార్టీ పేరు ఉండదు కాబట్టి, మనిషి ముఖం చూసి మాట వినడానికే అక్కడ జనం చేరతారు.

‘ముఖాముఖి’ అన్న మాట పుట్టిల్లు మాత్రం శాంతమైనది కాదు. జుట్లు పట్టుకుని కొట్టుకుంటే కేశాకేశి, కర్రలతో అయితే దండాదండి, చేతులు కలబడితే బాహాబాహి. ముఖాముఖి ఆ అచ్చులో పోసిన సమాసమే. తోబుట్టువులన్నీ కొట్లాటలోనే ఉండిపోతే ఇదొక్కటి కుర్చీ వేసుకుని కూర్చుంది.

మీరు అడగని తప్పు ఒకటి మీ వాక్యంలో ఉంది. ‘అభ్యర్ధి’ కాదు, ‘అభ్యర్థి’. అభి, అర్థి కలిసి యణాదేశంతో ఏర్పడిన మాట ఇది. అర్థి అంటే అడిగేవాడు. ‘అర్ధ’ అని ధకారం పెడితే సగమవుతుంది. ఓటు అడగడానికి చేతులు జోడించి గుమ్మంలో నిలబడే మనిషిని తలచుకుంటే ఒత్తు తప్పదు. ఆ అడిగేవాడికి ఎదురు నిలిచినవాడు ప్రత్యర్థి, అక్కడా థకారమే.

కాబట్టి అన్నగారికి ఇలా రాయండి: ‘నగర కౌన్సిలు అభ్యర్థుల ముఖాముఖికి ఓటరుగా వెళ్లాను.’ ఒకవేళ మీరు కూడా చీటీ రాసిచ్చి ఉంటే, దాన్ని సంధానకర్త చదివి ఉంటే, అప్పుడు ‘పాల్గొన్నాను’ అన్నా నేను దిద్దను. ఆ సభలో మీ పాలు మీరు తీసుకున్నట్టే.