హాలు కంటే ముందు నీళ్లు

ప్రశ్న: అమ్మగారికి ప్రభువు పేరట వందనాలు. మా చుట్టుపక్కల ఉన్న పదకొండు చిన్న సంఘాలు కలిసి ఒక మిషన్ శిబిరం కట్టాలని ప్రార్థిస్తున్నాం. కుటుంబ శిబిరాలు, యవ్వనస్థుల కూటాలు, పాస్టర్ల ధ్యాన కూటాలు అక్కడ జరగాలని మా ఆశ. ఒక విశ్వాసి రెండెకరాలు ఇస్తానని నోటిమాటగా చెప్పారు. మా దగ్గరున్న డబ్బు మూడు వందల మంది పట్టే హాలుకు సరిపోతుంది. ముందు హాలు కట్టేద్దాం, మిగతావి దేవుడే సమకూరుస్తాడని కమిటీలో ఎక్కువమంది అంటున్నారు. నాకేమో టెన్షన్‌గా ఉంది. ఇలా భయపడటం అవిశ్వాసమా?
– ఒక సంఘ పెద్ద

జవాబు: వందనాలండీ. అవిశ్వాసం కానే కాదు. గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని లూకా 14వ అధ్యాయంలో అడిగింది ప్రభువే.

నేను ఒక శిబిరంలో పంతొమ్మిదేళ్లు వార్డెన్‌గా ఉన్నాను. మేమూ మొదట హాలే కట్టాం. మరుగుదొడ్లు నాలుగే, అవీ గేటు దగ్గర ఓ మూలకు. మొదటి కుటుంబ శిబిరంలో రెండో రోజు మధ్యాహ్నం ఒక పెద్దావిడ కళ్లు తిరిగి పడిపోయారు. మొహం మీద నీళ్లు చల్లి, భోజనం చేశారా అమ్మా అని అడిగాను. "తిన్నానమ్మా, నీళ్లే తాగలేదు. తాగితే అంత దూరం నడవాలి, నా మోకాళ్లు సహకరించవు" అన్నారు. ఆ రాత్రి ఆడవాళ్ల గదుల్లోకి వెళ్లి ఒక్కొక్కరినీ అడిగాను. చాలామంది పొద్దుటి నుంచి నోరు తడుపుకుని ఊరుకుంటున్నారు. ఎవరూ ఫిర్యాదు చేయలేదు. దేవుని పని కదా, సర్దుకుందాం అనుకున్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కాబట్టి మీ కమిటీ ముందు ఈ లెక్క పెట్టండి. విపత్తుల్లో సహాయ శిబిరాలు నడిపేవాళ్లు స్ఫియర్ ప్రమాణాలు అనేవి పాటిస్తారు. వాటి ప్రకారం తాగడానికి, వంటకు, శుభ్రతకు కలిపి మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్లు కావాలి. 20 మందికి ఒక మరుగుదొడ్డి ఉండాలి, అది పడుకునే చోటికి 50 మీటర్లు దాటకూడదు. ఇళ్లు కోల్పోయినవాళ్లకే ఇది కనీసం. మనం పిలిచి తీసుకొచ్చే కుటుంబాలకు ఇంతకంటే తక్కువ ఎలా ఇస్తాం? మూడు వందల మందికి పదిహేను మరుగుదొడ్లు, రోజుకు 4,500 లీటర్లు. అదీ ఫ్లష్‌కు పోయే నీళ్లు కలపకుండా. మగవాళ్లకు ఒకటి కడితే ఆడవాళ్లకు మూడు కట్టండి. మురుగు ఇంకే గుంత బావికీ బోరుకూ కనీసం 30 మీటర్ల దూరంలో ఉండాలి. ఇది హాలు కట్టాక సర్దుకునే విషయం కాదు, మొదటి గీత గీసేటప్పుడే తేల్చుకోవాలి.

అసలు మూడు వందల మందితో మొదలుపెట్టడం ఎందుకు? వంద మందికి అన్నీ సరిగ్గా ఉంటే పదకొండు సంఘాలూ వంతులవారీగా ఏడాదంతా వాడుకుంటాయి. హాలు లేకపోతే శిబిరం కాదనుకోకండి. ఇంగ్లండులో కెస్విక్ కూటాలు 1875లో ఒక గుడారంలో మొదలయ్యాయి. కేరళలో 1895లో మొదలైన మారామన్ కన్వెన్షన్‌కు ఇప్పటికీ ఏటా పంపా నది ఇసుక మీద పందిరే వేస్తారు. మీ డబ్బుతో నీళ్లు, మరుగుదొడ్లు, వంటగది, పడుకునే గదులు ముందు కట్టండి. కూటానికి షామియానా చాలు.

ఇంకొకటి. కూటం జరిగే చోటు పక్కనే పసిపిల్లల తల్లులకు ఒక గది కట్టండి. ఊయల కట్టుకోవడానికి కొక్కేలు, మూలన ఒక స్పీకరు ఉండాలి. ఎనిమిది నెలల పాపతో వచ్చిన ఒక చెల్లి మా దగ్గర మూడు రోజులూ వరండాలోనే తిరిగింది. వెళ్లేటప్పుడు, "ఒక్క వాక్యం కూడా పూర్తిగా వినలేదక్కా" అంది. ఆ గది మేం తర్వాతి ఏడాది కట్టాం. ఆ చెల్లి మళ్లీ రాలేదు.

ఈ అవసరాలు కమిటీ గదిలో కూర్చుంటే తెలియవు. బైబిల్లో, కూలిన ప్రాకారాన్ని తిరిగి కట్టించిన నెహెమ్యా యెరూషలేము చేరాక, ఎవరికీ చెప్పకుండా రాత్రివేళ ఆ ప్రాకారాన్ని తిరిగి చూసుకున్నాడు. మీరూ వాన పడ్డ మర్నాడు ఒకసారి, నడి ఎండలో ఒకసారి ఆ రెండెకరాలు నడవండి. నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో, నీడ ఎక్కడుందో రాసుకోండి. తర్వాత ప్రతి సంఘం నుంచీ ఒక తల్లినీ ఒక వృద్ధురాలినీ అక్కడికి తీసుకెళ్లి ఏం కావాలో అడగండి. ప్రాకారం కట్టినవాళ్ల పట్టికలో షల్లూముతో పాటు అతని కుమార్తెలూ ఉన్నారు, నెహెమ్యా 3వ అధ్యాయంలో చూడండి. మీ కమిటీలో స్త్రీలు ఎంతమంది? మీ ఉత్తరంలో ఆ మాట లేదు.

స్థలం విషయంలో నోటిమాట మీద ఒక్క ఇటుక కూడా పెట్టకండి. ఆ విశ్వాసి మనసు మంచిదే. కానీ రేపు ఆయన లేకపోతే? భార్యాపిల్లలకు తెలిసి, వాళ్ల సమ్మతితో, అన్ని సంఘాల తరఫున నమోదైన ట్రస్టు పేర రిజిస్టర్ చేయించండి. అది ఆయన కుటుంబానికీ మేలే.

చివరగా, శిబిరం ఇంకో సంఘం కాకూడదు. మా గేటు ఆదివారం మూసి ఉండేది. శనివారం సాయంత్రానికే కుటుంబాలను ఇళ్లకు పంపేవాళ్లం, మర్నాడు వాళ్లు తమ సంఘంలో, తమ కాపరి దగ్గర ఉండాలని. శిబిరంలో ఎవరైనా కన్నీళ్లతో ఒక నిర్ణయం తీసుకుంటే, వాళ్ల అనుమతితో ఆ సంగతి పాస్టర్ గారికి చెప్పేవాళ్లం. సోమవారం నుంచి ఆ ఇంటి గడప తొక్కేది ఆయనే.

ప్రశ్న: పిల్లల శిబిరంలో రాత్రి ఒక్కో గదికి ఒక టీచరు చాలా?
– ఒక సండే స్కూల్ టీచర్

జవాబు: చాలరమ్మా. ఏ పెద్దవారూ, ఎంత నమ్మకస్థులైనా, ఒక బిడ్డతో ఒంటరిగా ఉండకూడదు. ఆడపిల్లల గదికి ఇద్దరు స్త్రీలు, మగపిల్లల గదికి ఇద్దరు పురుషులు. గదికి బయటికి పోయే దారులు రెండుండాలి, తలుపు లోపలి నుంచి పిల్లలే తీసుకోగలగాలి. మొదటి రాత్రి దీపాలు ఆర్పేముందు పిల్లలందరితో ఆ తలుపులు ఒకసారి తీయించి చూడండి.