మొక్కల కంటే ముందు వంకను చూడండి

మైదుకూరు దగ్గర కొత్తగా ఇల్లు కట్టుకున్నామని, పక్కనే ఉన్న చెరువు కంపతోనూ చెత్తతోనూ నిండిపోయిందని, వచ్చే వానాకాలంలో కాలనీవాళ్లంతా కలిసి మొక్కలు నాటాలనుకుంటున్నామని, ఇంకా ఏం చేయవచ్చునని మీరు అడిగారు. పోరుమామిళ్ల వైపు ఒక చిన్న పల్లెలో ఉపాధ్యాయుడిగా ఉంటూ, ఏడేళ్లుగా ఊరివాళ్లతో కలిసి ఒక చెరువు బాగోగులు చూస్తున్నవాడిని కాబట్టి, మాకు అనుభవంలోకి వచ్చిన సంగతులే రాస్తాను. నా సలహా ఏమిటంటే, మొక్కల పనిని ఒక ఏడాది వాయిదా వేసి, ముందుగా చెరువులోకి నీళ్లు తెచ్చే వంక వెంట మొదటినుంచి చివరిదాకా నడవండి.

మేమూ మొక్కలతోనే మొదలుపెట్టాం. మొదటి ఏడాది వేప, కానుగ మొక్కలు రెండు వందలు తెచ్చి, నడిచేవాళ్లకు నీడ ఉంటుందని కట్ట మీదనే వరుసగా నాటాం. ఒకప్పుడు ఆ చెరువుకు నీరుగంటిగా, అంటే పొలాలకు నీళ్లు వదిలే మనిషిగా, పనిచేసిన పెద్దాయన వచ్చి చూసి, "కట్ట మీద మాను పెంచకూడదు సారూ, బతికినన్నాళ్లూ వేరు కట్టలోకి పోతాది, మాను చచ్చి వేరు కుళ్లినాక ఆ బొక్కలోంచి నీళ్లు పోతాయి" అన్నాడు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. మట్టికట్టలో వేరు కుళ్లిన దారి వెంట నీరు ఊరడం మొదలైతే, అది మట్టిని కొంచెం కొంచెంగా మోసుకుపోయి చివరికి గండి పెడుతుంది. బతికిన మొక్కలన్నింటినీ తవ్వి తీసి, కట్టకు దూరంగా బడి ఆవరణలోనూ దారి పక్కనా నాటుకున్నాం.

మా పక్కనే ఉన్న పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. విజయనగర రాజు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెరువును కట్టించాడని, రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు రెండేళ్ల పాటు పనిచేశాయని అందులో ఉంది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను కూడా అది లెక్కపెట్టి చెబుతుంది. కట్టలోంచి నీరు ఊరడం ఆ దోషాలలో ఒకటి. రెండు రాజ్యాల పొలిమేరలో చెరువు ఉండడం మరొకటి. ఈ రెండో దోషం ఎంత లోతైనదో అర్జీ పట్టుకుని తిరిగినప్పుడే నాకు తెలిసివచ్చింది. మా చెరువు కట్ట ఒక పంచాయతీలో, నీళ్లు తెచ్చే వంక మరొక పంచాయతీలో ఉన్నాయి. ఒక కార్యాలయం వాళ్లు రెండో కార్యాలయానికి వెళ్లమనేవారు, అక్కడికి వెళితే మొదటిచోటికే తిరిగి పంపేవారు. అలా పదకొండు నెలలు గడిచాయి. చివరికి ఒకే అర్జీని ఒకే తేదీతో రెండు చోట్లా ఇచ్చి, రశీదులు తీసుకుని, ఉమ్మడిగా వచ్చి చూడాలని రాతపూర్వకంగా కోరిన తర్వాతే ఇద్దరూ కదిలారు.

ఇక వంక సంగతి. గ్రామ సచివాలయం సర్వేయరును అడిగి గ్రామ నక్ష (పటం) నకలు తీసుకుని, వంక పోరంబోకు ఏయే సర్వే నంబర్ల మధ్య నుంచి పోతుందో గుర్తుపెట్టుకుని, ఒక ఏప్రిల్‌లో ఆరుగురం గుట్ట దాకా నడిచాం. మూడు చోట్ల నీటికి సరైన దారి లేదు. రోడ్డు కింద వేసిన రెండడుగుల సిమెంటు పైపులో జానెడు సందు మాత్రమే మిగిలింది. పెళ్లిళ్లలో వాడి పారేసిన థర్మాకోల్ ప్లేట్లు, నీళ్ల ప్యాకెట్లు, చీర ముక్కలు ఇసుకలో కూరుకుపోయి, గడ్డపారతో పొడిస్తే తప్ప రానంతగా గట్టిపడ్డాయి. రెండోచోట ఒక రైతు రాళ్లు పోసి వంకను చేనులో కలుపుకున్నాడు. "ముప్పై ఏండ్లుగా ఈ వంకలో నీళ్లు పారింది లేదు, ఎండిపోయిన వంకకు నేనెందుకు నేల వదలాల?" అని ఆయన అడిగినప్పుడు మాకు వెంటనే జవాబు తోచలేదు. ఫిర్యాదు చేయడానికి మనసొప్పక, అనుమతి తీసుకుని చెరువులో తీస్తున్న ఒండ్రు మట్టిని ఆయన ఎర్రనేలకు ఇరవై ట్రాక్టర్లు తోలిస్తామని చెప్పాం. ఆయన నెల రోజులు ఆలోచించి, తానే రాళ్లు తీయించాడు. మూడోచోట లేఅవుటు ప్రహరీ వంకకు అడ్డంగా ఉంది. దాని మీద, నీరు, నేల, చెట్లను కాపాడే వాల్టా చట్టం కింద మేమిచ్చిన అర్జీ ఇప్పటికీ తేలలేదు, మేమూ వదిలిపెట్టలేదు.

ఆ ఏడాది అక్టోబరులో ఒక రాత్రి గట్టి వాన కురిసింది. టార్చిలైటు పట్టుకుని, మేము శుభ్రం చేసిన పైపు దగ్గరికి వెళ్లేసరికి, ఎండుటాకులను, మేక పెంటికలను ముందుకు నెట్టుకుంటూ, నురగతో, ఎర్రటి నీళ్లు మెల్లగా పైపులోంచి బయటికి వస్తున్నాయి. చెరువు నిండలేదు, మూడో వంతే వచ్చాయి. అయినా తర్వాతి వేసవిలో కట్ట కింది బోర్లు ఆగలేదు.

కంప గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కంప అంటే ఇక్కడ సర్కారు తుమ్మే, అది మన నేల చెట్టు కాదు. అమెరికా ఖండం నుంచి వచ్చిన ఈ చెట్టును 1870లలో మన దేశంలో మొదటగా నాటిన చోట్లలో మన కమలాపురం ఒకటి. మేము మొదట దాన్ని నేలమట్టానికి కొట్టించాం, తర్వాతి వానకే మొద్దుకు పదేసి పిలకలు లేచాయి. మొద్దు చుట్టూ జానెడు లోతు తవ్వి చూస్తే, వేరు మొదలయ్యే చోట బుడిపెల్లాగా మొగ్గలు కనిపిస్తాయి. అక్కడి దాకా పెకలిస్తేనే అది చస్తుంది. కాయలు తిన్న మేకల పెంటికల్లోంచి మళ్లీ మొలుస్తుంది కాబట్టి, ఏటా జనవరిలో మొలకలను చేత్తో పీకే పని ఒకటి పెట్టుకోవాలి. అంతా ఒకేసారి కొట్టేయకండి, కొంగలు గూళ్లు కట్టుకున్న గుంపును అవి ఎగిరిపోయేదాకా ఉంచండి.

చెరువు పైన ఉండే పొదల నేలను బీడు అనుకుని చెట్లతో నింపడం కూడా పొరపాటే. 1900 తర్వాత కనిపించక, లేకుండా పోయిందనుకున్న కలివికోడి అనే పక్షి 1986లో మన లంకమల అడవి దగ్గర రెడ్డిపల్లి వద్ద మళ్లీ దొరికింది. దాన్ని శాస్త్రజ్ఞుల చేతికి అందించింది ఆ పొదల్లో తిరిగే ఒక స్థానికుడు. చిట్టడవి మధ్య అక్కడక్కడా ఖాళీ నేల ఉండే చోటే ఆ పక్షికి ఇల్లు, అక్కడ దట్టంగా చెట్లు లేస్తే దానికి చోటుండదు.

చెత్త విషయంలో మాకు పనికొచ్చింది ఒక్కటే: చెరువు దగ్గర ఏరడం కంటే, పెళ్లి మంటపాలవాళ్లతో ముందే మాట్లాడి ప్లేట్లను వంకలో వేయకుండా చూసుకోవడం.

నక్ష తీసుకుని ఏప్రిల్‌లో ఉదయం ఆరుకే బయలుదేరండి, వంకలో నీడ ఉండదు. ఆ వంక పక్కన చేను ఉన్న రైతును ఒకరినైనా వెంట తీసుకెళ్లండి. ఏ రాయి ఎప్పుడు, ఎందుకు వేశారో ఆయనకే తెలుస్తుంది.