ముందు రెండు రేణువులు

ఒంగోలు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ ప్లాన్ చదివాను. గ్రహాలు పుట్టే చోట దుమ్ము ఉండలు ఎలా అతుక్కుంటాయో కంప్యూటర్ లెక్కల్లో చూస్తానని, మొదటి వారంలోనే పదివేల రేణువుల ఉండల్ని ఢీకొట్టిస్తానంటున్నావు. అంత తొందరెందుకమ్మా? ముందు రెండే రెండు రేణువుల్ని తాకించు. మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యోవంతు) సైజు సిలికా గుండ్లు ప్రయోగాల్లో సెకనుకు సుమారు ఒక మీటరు వేగం దాకా అతుక్కున్నాయి. నీ లెక్కలో ఆ హద్దు ఇంకా తక్కువకే వస్తే కంగారు పడకు. తాకిన గుండ్లు ఎంత బలంగా అతుక్కుంటాయో చెప్పే సూత్రం జాన్సన్, కెండాల్, రాబర్ట్స్ 1971లో ఇచ్చారు, దానితో కట్టిన లెక్కల్లో అలాగే వచ్చింది.

టైమ్ స్టెప్ దగ్గర, అంటే లెక్క ఒక్కో అడుగుకు ఎంత కాలం ముందుకు జరగాలన్న దగ్గర మాత్రం పిసినారిగా ఉండు. అతుక్కున్న రేణువులు స్ప్రింగులా ఊగుతాయి, ఒక్క ఊపులో నీ స్టెప్పులు చాలా పట్టాలి. నేనోసారి పెద్ద స్టెప్ పెట్టాను. ఎవరూ కొట్టకుండానే ఉండ పేలిపోతుంటే ఏదో కొత్తది కనిపెట్టాననుకుని రెండు నెలలు పోగొట్టుకున్నా. మీ అత్త ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

దొర్లుడును అడ్డుకునే బలాన్ని వదిలేయకు. డొమినిక్, టీలెన్స్ అనే శాస్త్రవేత్తలు 1997లో చెప్పింది ఇదే: దెబ్బ శక్తి ముందు రేణువులు దొర్లడానికి ఖర్చై ఉండ అణుగుతుంది, ఇంకా గట్టిగా కొడితేనే ముక్కలవుతుంది.

ఇక అసలు సంగతి, ఉండను ఎలా కట్టావన్నది. చీమకుర్తిలో చూశావుగా, రాళ్ళు కోసినప్పుడు నీళ్ళతో పారిన బురద ఎండితే గడ్డ కడుతుంది. అదే రాయి పొడి వేపాకుల మీద పడితే ఊదగానే లేచిపోతుంది. ఒక్కొక్క రేణువునూ విసిరి కట్టిన ఉండలో పదార్థం 15 శాతమే, మిగతాదంతా ఖాళీ. సగటున ఒక్కో రేణువుకు ఇద్దరే పొరుగువాళ్ళు, అంటే దాన్ని తాకి ఉన్న రేణువులు. కోజి వాడా బృందం 2011 లెక్కల్లో, పొరుగువాళ్ళు సగటున ఆరుగురైతే గానీ ఉండలు ఢీకొని అతుక్కోకుండా వెనక్కి ఎగరలేదు. ల్యాబుల్లో మాత్రం అంతకన్నా గుల్లగా ఉన్నవీ ఎగిరాయి. ఆ పేచీ ఇంకా ఉంది, నీకు పని దొరికేది అక్కడే. అందుకే ఖాళీ శాతం ఒక్కటే రాసి ఊరుకోకు, పొరుగు లెక్క కూడా ప్రోగ్రామ్ నడిపిన ప్రతిసారీ దాచు. ఒకే వేగానికి ఉండను తిప్పి తిప్పి పదిసార్లైనా కొట్టించు.

వచ్చే ఆదివారం వచ్చేటప్పుడు ఆ రెండు రేణువుల గ్రాఫ్ తెచ్చుకో. ఉండల సంగతి అన్నం తిన్నాక మాట్లాడదాం.

మీ మామయ్య