టెక్ సందేహాలు: చవక బ్లూటూత్ మాడ్యూల్స్, వాటి తిప్పలు

కాలేజీల్లో ప్రాజెక్టుల సీజన్ మొదలైనట్టుంది. ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం బ్లూటూత్ మాడ్యూల్స్, అంటే మనం తయారు చేసుకునే పరికరాన్ని ఫోన్‌తో కలిపే చిన్న బోర్డుల మీదే. విద్యార్థులతో పాటు మిద్దె తోటల వాళ్లు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ల వాళ్లు కూడా రాశారు. అన్నీ ఒకదానితో ఒకటి ముడిపడినవే కాబట్టి మిగతా సందేహాలు పక్కన పెట్టి వీటికే జవాబులిస్తున్నాను.

కోఠీ గుజరాతీ గల్లీలో హెచ్‌సీ-05 అని అడిగి తెచ్చుకున్నాను సర్. వెనక జెడ్ఎస్-040 అని ఉంది. లైటు మిణుకుమంటోంది కానీ ఫోన్ బ్లూటూత్ సెట్టింగ్స్‌లో కనెక్ట్ అవ్వడం లేదు. సెట్టింగులు మార్చే ఏటీ కమాండ్లకూ జవాబు లేదు. షాపులో వెనక్కి తీసుకోం అంటున్నారు. మాడ్యూల్ పోయినట్టేనా?
- బీటెక్ విద్యార్థి, కూకట్‌పల్లి

లైటు మిణుకుతోందంటే పోలేదనే అనుకోండి. అసలది హెచ్‌సీ-05 కాకపోయి ఉండొచ్చు. జెడ్ఎస్-040 అన్నది కింద ఉన్న నీలం బోర్డు పేరు మాత్రమే. ఆ బోర్డు మీదే హెచ్‌సీ-05 అతికిస్తారు, హెచ్‌సీ-06 అతికిస్తారు, ఏటీ-09 అనే బీఎల్ఈ (తక్కువ కరెంటుతో నడిచే 'బ్లూటూత్ లో-ఎనర్జీ') రకాన్నీ అతికిస్తారు. పైన ప్లాస్టిక్ తొడుగు కూడా వేసేశాక మూడూ కవల పిల్లల్లా ఉంటాయి. కౌంటర్‌లో ఉన్న కుర్రాడికి కూడా తేడా తెలియకపోవచ్చు.

ముందు పైనున్న చిన్న బోర్డు మీద పెద్ద చిప్పును ఫోన్ టార్చి వేసి చూడండి. సీఎస్ఆర్ అనో, బీసీ417 అనో ఉంటే అది పాత తరం క్లాసిక్ బ్లూటూత్. సీసీ2541 అని ఉంటే టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి బీఎల్ఈ చిప్పు. అక్షరాలు చెరిపేసి ఉంటే ఎన్ఆర్ఎఫ్ కనెక్ట్ అనే ఉచిత యాప్ వేసుకుని స్కాన్ చేయండి. అందులో బీటీ05 అనో, ఎంఎల్‌టీ-బీటీ05 అనో కనిపిస్తే మీ దగ్గరున్నది హెచ్ఎం-10 అనే బీఎల్ఈ మాడ్యూల్‌కి నకలు. హెచ్ఎంసాఫ్ట్ అని కనిపిస్తే హెచ్ఎం-10 అసలుది కావచ్చు. యాప్‌లో అసలేమీ రాకుండా, ఫోన్ సెట్టింగ్స్‌లో మాత్రం హెచ్‌సీ-05 అనో, హెచ్‌సీ-06 అనో, లిన్వోర్ అనో వస్తే క్లాసిక్ రకం.

బీఎల్ఈ రకాన్ని ఫోన్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి పెయిర్ చేయాల్సిన పని లేదు. యాప్ లోంచే నేరుగా కనెక్ట్ అవ్వాలి. మీది ఆండ్రాయిడ్ 11 లేదా అంతకంటే పాతదైతే స్కాన్‌కి లొకేషన్ ఆన్‌లో ఉండాలి. 12 నుంచి 'నియర్‌బై డివైసెస్' అనుమతి అడుగుతుంది. అది వద్దని నొక్కేసి, మాడ్యూల్ పని చేయడం లేదని బాధపడేవాళ్లు చాలామందే ఉన్నారు.

ఇక ఏటీ కమాండ్లు. ఇక్కడ మూడు రకాలకూ మూడు పద్ధతులు. హెచ్‌సీ-05కి బోర్డు మీద బుల్లి బటన్ ఉంటుంది. దాన్ని నొక్కి పట్టుకుని అప్పుడు కరెంటు ఇవ్వాలి. లైటు రెండు సెకన్లు వెలిగి రెండు సెకన్లు ఆరుతుంటే ఏటీ మోడ్‌లోకి వచ్చినట్టు. ఇప్పుడు కంప్యూటర్‌లో ఆర్డుయినో (మాడ్యూల్‌ని నడిపే ప్రోగ్రామబుల్ బోర్డు) సాఫ్ట్‌వేర్‌లోని సీరియల్ మానిటర్‌లో స్పీడు 38400, పక్కన 'బోత్ ఎన్ఎల్ అండ్ సీఆర్' పెట్టి ఏటీ అని పంపితే ఓకే వస్తుంది. మామూలుగా డేటా పంపేటప్పుడు మాత్రం స్పీడు 9600. ఈ రెండు అంకెల దగ్గరే సగం మంది చిక్కుకుంటారు. హెచ్‌సీ-06కి ఏ మోడూ అక్కర్లేదు. ఫోన్ కనెక్ట్ అయి లేనప్పుడు 9600లో పెద్ద అక్షరాలతో పంపితే చాలు. కానీ పాత రకాలు చివర ఎంటర్ ఉంటే పలకవు. హెచ్ఎం-10 అసలుదీ అంతే, ఎంటర్ ఉండకూడదు. దాని నకళ్లు మాత్రం ఎంటర్ లేకపోతే నోరు విప్పవు.

ఇంకా అనుమానంగా ఉంటే ఆర్డుయినోని పూర్తిగా పక్కన పెట్టండి. మాడ్యూల్‌కి 5 వోల్టులు, గ్రౌండ్ ఇచ్చి, దాని టీఎక్స్ (డేటా పంపే) పిన్నునీ ఆర్ఎక్స్ (అందుకునే) పిన్నునీ ఒక జంపర్ వైరుతో కలిపేయండి. ఫోన్‌లో సీరియల్ బ్లూటూత్ టెర్మినల్ యాప్ తెరిచి కనెక్ట్ అయి, ఏదైనా ఒక పదం పంపండి. అదే పదం తిరిగొస్తే మాడ్యూల్, దాని రేడియో, మీ ఫోన్ మూడూ బాగున్నట్టే. తప్పు మీ వైరింగ్‌లోనో, ప్రోగ్రాంలోనో ఉంది. రాకపోతే అప్పుడు షాపుకి వెళ్లండి. వాళ్ల ముందే ఈ పరీక్ష చేసి చూపిస్తే మారుస్తారు.

ఒకటి మాత్రం తప్పనిసరిగా సరిచేసుకోండి. కాలేజీ రికార్డుల్లో గీసే బొమ్మల్లో ఆర్డుయినో ఊనో టీఎక్స్‌ని తిన్నగా మాడ్యూల్ ఆర్ఎక్స్‌కి కలిపేస్తారు. ఊనో పంపేది 5 వోల్టులు, మాడ్యూల్ పిన్ను తట్టుకునేది 3.3. కొన్నాళ్లు నడుస్తుంది, ఎప్పుడు పోతుందో చెప్పలేం. ఊనో టీఎక్స్ నుంచి 1 కిలో ఓమ్ రెసిస్టర్, ఆ కలిసే చోటు నుంచి గ్రౌండ్‌కి 2 కిలో ఓమ్ పెట్టండి, 3.3 వస్తుంది. మాడ్యూల్ టీఎక్స్ నుంచి ఊనోకి వచ్చే వైరుకి ఏమీ అక్కర్లేదు. 0, 1 పిన్నులకు మాడ్యూల్ తగిలించి ఉంచితే ప్రోగ్రాం అప్‌లోడ్ అవ్వదు. వేరే పిన్నుల మీద సాఫ్ట్‌వేర్ సీరియల్ వాడితే స్పీడు 9600 దాటించకండి.

నా హెచ్‌సీ-05 ఫ్రెండ్ ఆండ్రాయిడ్‌లో బాగా పని చేస్తోంది. నా ఐఫోన్‌లో పేరు కూడా రావడం లేదు. ఏదైనా యాప్ ఉందా?
- దిల్‌సుఖ్‌నగర్

లేదు, వెతికి టైమ్ వేస్ట్ చేసుకోకండి. హెచ్‌సీ-05 వాడే సీరియల్ పద్ధతికి యాపిల్ తన లైసెన్సు తీసుకున్న పరికరాలనే అనుమతిస్తుంది. బీఎల్ఈకి ఆ అడ్డు లేదు. 2011లో వచ్చిన ఐఫోన్ 4ఎస్ నుంచీ అన్నిట్లో పని చేస్తుంది. హెచ్ఎం-10 గానీ, వైఫై, బ్లూటూత్ రెండూ ఉన్న ఈఎస్‌పీ32 బోర్డు గానీ తీసుకోండి. హెచ్ఎం-10 అయితే యాప్‌లో ఎఫ్ఎఫ్ఈ0 సర్వీసు తెరిచి, ఎఫ్ఎఫ్ఈ1 దగ్గర నోటిఫై ఆన్ చేస్తేనే డేటా కనిపిస్తుంది. ఒక విడతలో 20 బైట్లే వెళ్తాయి. పొడవాటి వాక్యాలు పంపితే ముక్కలుగా వస్తాయి, కంగారు పడొద్దు.

రిటైరయ్యాక మిద్దె తోట పెట్టుకున్నాను. మా అబ్బాయి ఆర్డుయినో నానో, హెచ్‌సీ-05, మట్టిలో గుచ్చే తేమ సెన్సర్‌తో ఒకటి తయారు చేసిచ్చాడు. 9 వోల్టుల బ్యాటరీ పొద్దున పెడితే రాత్రికి అయిపోతోంది. బదులుగా గుండ్రటి సీఆర్2032 సెల్లు పెట్టొచ్చా? అది ఏడాది వస్తుందని షాపులో అన్నారు.
- ఎల్‌బీ నగర్

షాపతను అబద్ధం చెప్పలేదండీ, కానీ మీ పరికరానికి ఆ మాట వర్తించదు. లెక్క చూద్దాం. హెచ్‌సీ-05 ఎవరైనా కనెక్ట్ అవుతారేమోనని ఎదురు చూసేటప్పుడే 30 నుంచి 40 మిల్లీఆంప్స్ లాగుతుంది. కనెక్ట్ అయ్యాక 8 దాకా దిగుతుంది. దానికి నానో వాడకం అదనం. సీఆర్2032లో ఉండేది సుమారు 220 మిల్లీఆంపియర్ అవర్స్. హెచ్‌సీ-05 ఒక్కటే, అదీ తక్కువగా లాగే స్థితిలోనే ఉందనుకున్నా, 220ని 8తో భాగిస్తే 27 గంటలు. ఆ 27 కూడా కాగితం మీదే. గడియారానికో, రిమోట్‌కో సరిపోయే సెల్లది. అంత కరెంటు ఆపకుండా లాగితే వోల్టేజి పడిపోతుంది. పైగా ఆ నీలం బోర్డుకి కనీసం 3.6 వోల్టులు కావాలి, సెల్లు ఇచ్చేది 3.

9 వోల్టుల బ్యాటరీ సంగతీ అంతే. నానో దాన్ని 5కి దించడానికి మిగతా 4 వోల్టులనూ వేడిగా పారేస్తుంది. బ్యాటరీలో దాదాపు సగం అలా పోతుంది.

మీకు కావలసింది ఏడాదికి పైగా నడిచేది కాబట్టి మాడ్యూలే మార్చాలి. నార్డిక్ వారి ఎన్ఆర్ఎఫ్52832 చిప్ ఉన్నది చూడమని అబ్బాయికి చెప్పండి. నిద్రలో ఉన్నప్పుడు అది సుమారు 2 మైక్రోఆంప్స్‌తో సరిపెట్టుకుంటుంది. అసలు కిటుకు ఇంకొకటుంది. ఫోన్‌తో కనెక్షనే పెట్టుకోనక్కర్లేదు. బీఎల్ఈ పరికరం 'నేనిక్కడున్నా' అని అప్పుడప్పుడు ఒక చిన్న సందేశం గాల్లోకి వదులుతుంది. దాంట్లో 31 బైట్లు పడతాయి. తేమ విలువకు రెండు బైట్లు చాలు. దాన్ని ఆ సందేశంలోనే పెట్టి పంపేస్తే వినేవాళ్లు వింటారు. సెకనుకోసారి పంపినా సగటున 15 మైక్రోఆంప్స్ దగ్గర ఉంచొచ్చు. అప్పుడు అదే సీఆర్2032 లెక్క ప్రకారం 20 నెలలు. మొక్కలకి సెకనుకోసారి అక్కర్లేదు కదా. గరిష్ఠంగా 10.24 సెకన్లకోసారి పంపేలా కూడా పెట్టుకోవచ్చు. అప్పుడు ఇంకా మిగులుతుంది.

ఇందులో ఇబ్బంది లేకపోలేదు. విడిగా దొరికే ఎన్ఆర్ఎఫ్52832 మాడ్యూల్‌కి యూఎస్‌బీ ఉండదు, ప్రోగ్రాం ఎక్కించడానికి ఎస్‌టీ-లింక్ లాంటి ప్రోగ్రామర్ కొనాలి. పిన్నుల మధ్య దూరం కూడా తక్కువ, టంకం వేయడానికి చెయ్యి నిలకడగా ఉండాలి. అబ్బాయికి అంత తీరిక లేదంటే షావో ఎన్ఆర్ఎఫ్52840 బోర్డు తీసుకోమనండి. యూఎస్‌బీ తగిలించి ఫైల్ వేస్తే చాలు. ధర కొంచెం ఎక్కువే.

మట్టి సెన్సర్‌ని కూడా ఒకసారి చూడండి. రెండు మెరిసే కాళ్లున్న ఫోర్కు రకమైతే తీసి పారేయండి. కరెంటు పారే కొద్దీ కాళ్లు తుప్పు పట్టి కొన్ని వారాల్లో అంకెలు తప్పుతాయి. నల్లటి కెపాసిటివ్ రకం కొనండి. కొనే ముందు దాని మీద ఉన్న ఎనిమిది కాళ్ల చిప్పు పేరు చదవండి. టీఎల్‌సీ555 అని ఉండాలి. ఎన్ఈ555 అని ఉంటే దానికి కనీసం 4.5 వోల్టులు కావాలి, 3 వోల్టుల సెల్లు మీద అర్థం లేని అంకెలు చూపిస్తుంది. ఈ సెన్సర్ 5 మిల్లీఆంప్స్ దాకా తింటుంది కాబట్టి కొలిచే క్షణంలోనే దానికి కరెంటు ఇచ్చి వెంటనే ఆపేసేలా ప్రోగ్రాం రాయించండి. లేకపోతే పైన వేసిన బ్యాటరీ లెక్కంతా గంగలో కలిసినట్టే. బోర్డు అంచులు నీరు పీల్చి ఉబ్బుతాయి, ఇంట్లో నెయిల్ పాలిష్ ఉంటే అంచుల వెంట రెండు పూతలు వేయండి.

సందేశాలు వినడానికి మెట్ల గది కిటికీ దగ్గర ప్లగ్గులో ఒక ఈఎస్‌పీ32 పెట్టేస్తే అది వైఫై మీద మీ ఫోన్‌కి పంపుతుంది.

ఈఎస్‌పీ32-సీ3 సూపర్ మినీ కొన్నాను. 'బ్లూటూత్ సీరియల్' ప్రోగ్రాం కంపైల్ కూడా అవ్వడం లేదు, బ్లూటూత్ లేదంటోంది. డబ్బా మీద బ్లూటూత్ 5.0 అని ఉంది! మోసపోయానా?
- ఉప్పల్

మోసం కాదు. ఆ ప్రోగ్రాం క్లాసిక్ బ్లూటూత్‌కి రాసింది. అది మొదటి ఈఎస్‌పీ32లో ఉంది, సీ3లోనూ ఎస్3లోనూ బీఎల్ఈ ఒక్కటే. ఎస్2 అయితే అసలు ఏ బ్లూటూతూ ఉండదు, పొరపాటున కొనకండి. మీ బోర్డు అలాగే ఉంచుకుని బీఎల్ఈ యూఆర్ట్ అనే ఉదాహరణ ప్రోగ్రాం ఎక్కించండి.

ఈఎస్‌పీ32ని లిథియం బ్యాటరీతో నడుపుతూ 'బ్రౌనౌట్ డిటెక్టర్' (వోల్టేజి పడిపోయిందన్న హెచ్చరిక) అని పదే పదే రీస్టార్ట్ అవుతోందని మరికొందరు రాశారు. చాలా బోర్డుల్లో ఉండే ఏఎంఎస్1117 రెగ్యులేటర్ తన కోసం ఒక వోల్టు పైగా ఉంచేసుకుంటుంది. 3.7 వోల్టులు ఇస్తే చిప్పుకి చేరేది 2.6. అది చాలదు. తక్కువ డ్రాపౌట్ రెగ్యులేటర్ ఉన్న బోర్డు తీసుకోవాలి. డీప్ స్లీప్‌లో కూడా బ్యాటరీ తగ్గిపోవడానికీ ఆ రెగ్యులేటరే, దాని పక్కన ఎప్పుడూ వెలిగే ఎర్ర లైటే కారణం.

మా ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో టెర్రస్ ట్యాంకు నీటి మట్టం కింద వాచ్‌మన్ గదిలో తెలియాలి. 100 మీటర్ల రేంజ్ అని రాసిన బ్లూటూత్ మాడ్యూల్ తెచ్చాం. రెండో అంతస్తు దాటి దిగడం లేదు.
- అసోసియేషన్ కార్యదర్శి, మియాపూర్

100 మీటర్లు అన్నది మధ్యలో అడ్డేమీ లేని ఖాళీ మైదానం లెక్క. మీకు మధ్యలో ఉన్నవి ఇనుప చువ్వల స్లాబులు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను నీళ్లు కూడా బాగా పీల్చేస్తాయి. మాడ్యూల్‌ని ట్యాంకు గోడకి ఆనించి పెట్టి ఉంటే అక్కడే సగం సిగ్నల్ పోయినట్టు. దాన్ని దూరం జరిపి, యాంటెన్నా ఉన్న అంచు గాల్లోకి ఉండేలా పెడితే ఒక అంతస్తు కలిసొస్తుందేమో. ఐదు అంతస్తులకు బ్లూటూత్ పనికిరాదు.

నా ఓటు తీగకే. డక్టులోంచి ఒక నెట్‌వర్క్ కేబుల్ దింపి, రెండు చివర్లా తీగ మీద డేటాని దూరం పంపే మ్యాక్స్485 మాడ్యూల్స్ పెట్టండి. ఆర్ఎస్-485 పద్ధతిలో వేయి మీటర్లైనా లెక్క లేదు, బ్యాటరీ గొడవా ఉండదు. తీగ లాగడం కుదరదంటే లోరా అనే ఎక్కువ దూరం వెళ్లే రేడియో పద్ధతి వాడండి. మన దేశంలో దానికి లైసెన్సు అక్కర్లేని బ్యాండ్ 865-868 మెగాహెర్ట్జ్. 868 అని రాసిన మాడ్యూల్ కొని ప్రోగ్రాంలో 866 పెట్టుకోవచ్చు. 915 అమెరికా వాళ్లది, అది వద్దు. యాంటెన్నా బిగించకుండా ఒక్కసారి కూడా ఆన్ చేయకండి, మాడ్యూల్ కాలిపోవచ్చు.

మట్టం కొలిచేది జేఎస్ఎన్-ఎస్ఆర్04టీ అనే అల్ట్రాసోనిక్ సెన్సర్ అయితే దానికి ముందున్న 20 సెంటీమీటర్లలో ఏముందో కనిపించదు. ట్యాంకు నిండా నిండినప్పుడే తప్పు అంకె చూపిస్తుంది. సెన్సర్‌ని నీరు చేరే పై మట్టం కంటే ఒక అడుగు పైన బిగించండి.

హెచ్‌సీ-05, రిలే పెట్టి ఫోన్ నుంచి బోరు మోటారు ఆన్, ఆఫ్ చేస్తున్నాం. ఆన్ చేసిన ప్రతిసారీ బ్లూటూత్ తెగిపోతోంది. ఇంకో సంగతి, నిన్న ఎవరూ నొక్కకుండానే మోటారు ఆన్ అయింది!
- నాచారం

మొదటిదానికి కారణం మోటారు లేచేటప్పుడు వచ్చే జర్కు. మాడ్యూల్‌కి రిలేతో కాకుండా వేరే అడాప్టర్ నుంచి కరెంటు ఇవ్వండి. మోటారు లోడు బుల్లి రిలే మీద వేయకండి, రిలే కాంటాక్టర్‌ని (పెద్ద లోడుకి పెట్టే స్విచ్చు) నడపాలి, కాంటాక్టర్ మోటారుని నడపాలి. ఈ భాగం ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి.

రెండోదానికి పక్కింటి పిల్లల్ని అడిగి చూడండి. హెచ్‌సీ-05 పిన్ను (పెయిర్ చేసేటప్పుడు అడిగే రహస్య నంబరు) కొన్నప్పుడు 1234 గానీ, 0000 గానీ ఉంటుంది, చాలామంది అలాగే వదిలేస్తారు. ఏటీ మోడ్‌లో ఏటీ+పీఎస్‌డబ్ల్యూడీ కమాండ్‌తో పిన్ను మార్చండి. కొన్ని వెర్షన్లలో కొత్త అంకెలను కొటేషన్ గుర్తుల మధ్య పెడితేనే తీసుకుంటుంది. మాడ్యూల్‌కి 'బోర్ మోటార్' లాంటి పేరు ఉంటే ఏటీ+నేమ్‌తో అదీ మార్చేయండి. ప్రోగ్రాంలో ఒకే అక్షరానికి ఆన్ అయ్యేలా రాసి ఉంటే, చెత్త సిగ్నల్ వల్ల కూడా ఆ అక్షరం పడే వీలుంది. నాలుగైదు అక్షరాల సంకేతం వస్తేనే ఆన్ అయ్యేలా, అరగంటకి తనంతట తనే ఆఫ్ అయ్యేలా మార్పించుకోండి.