డిబేట్ చూసి ఓటు మార్చుకునేవాళ్ళు ఉంటారా?

"డెమొక్రటిక్ ప్రైమరీ డిబేట్ అయ్యాక ఎవరు గెలిచారని జనం అంటారో, ఓట్లు కూడా వాళ్ళకే పడతాయా?" అని అడిగారు. ప్రైమరీ అంటే అధ్యక్ష పదవికి పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక. పడవు. డిబేట్ ఎవరూ తేల్చుకోవడానికి చూడరు. ముందే తేల్చుకున్నది కరెక్టేనని అనిపించుకోవడానికి చూస్తారు. నాకీ నమ్మకం కుదిరింది 2020 ఫిబ్రవరి 19న, లాస్ వేగస్ డిబేట్ రాత్రి.

మేం దాన్ని డాలస్ పక్కన అర్వింగ్‌లో బాబాయి వాళ్ళింట్లో చూశాం. సొంత బాబాయి కాదు, ఊరి వరస. ఆయనకు పౌరసత్వం వచ్చి చాలా ఏళ్ళయింది, గ్యాస్ స్టేషన్ నడుపుతాడు. పోటీలో ఉన్న బిలియనీర్, న్యూయార్క్ మాజీ మేయర్ మైక్ బ్లూంబర్గ్ అంటే ఆయనకు మహా గురి. కారణం టీవీయే. ఆ చలికాలం టెక్సస్‌లో ఏ చానల్ తిప్పినా 'మైక్ విల్ గెట్ ఇట్ డన్' ప్రకటనలే. ఆ ప్రచారానికి బ్లూంబర్గ్ సొంత డబ్బు అర బిలియన్ డాలర్ల పైనే పోశాడు, విరాళాలు ముట్టుకోలేదు. "ఒకరి ముందు చెయ్యి చాపనివాడురా, వ్యాపారం తెలిసినవాడు, ట్రంప్‌ని దించితే ఈయనే దించాలి" అనేవాడు బాబాయి. టెక్సస్‌లో ముందస్తు ఓటింగ్ 18న మొదలైంది. ఆయన ఆ రోజే వెళ్ళి ఓటేసి వచ్చేశాడు. ఆ పోటీలో బ్లూంబర్గ్ మొట్టమొదటిసారి డిబేట్ స్టేజీ ఎక్కింది మర్నాడు.

హాల్లో మేం ఆరుగురం. స్టేజీ మీద కూడా ఆరుగురే: బెర్నీ శాండర్స్, బైడెన్, వారెన్, బుటిజెజ్, క్లోబుచార్, బ్లూంబర్గ్. మొదలైన కాసేపటికే ఎలిజబెత్ వారెన్ అందుకుంది. మనం ఎవరి మీద పోటీ చేస్తున్నామో చెబుతాను, ఆడవాళ్ళను నోటికొచ్చినట్టు అనే ఒక బిలియనీర్ మీద అని, ఆయన అన్న మాటలు కూడా చదివి, నేను ట్రంప్ గురించి చెప్పట్లేదు, మేయర్ బ్లూంబర్గ్ గురించి చెబుతున్నాను అంది. మా ఆవిడ సోఫాలోంచి లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. తెనాలి నుంచి చుట్టపుచూపుగా వచ్చిన బాబాయి బావమరిది మాత్రం బజ్జీ చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. "వీళ్ళందరూ ఒకే పార్టీ కదండీ?" అన్నాడు. అవునన్నాం. "మరి ఇలా తిడితే రేపు బి-ఫారం ఎవరిస్తారు?" పార్టీ పెద్దలు కాదు, జనమే ఓటేసి అభ్యర్థిని ఎంచుకుంటారని చెబితే ఆయన చివరిదాకా నమ్మలేదు. పైనుంచి ఎవరో ఒకరు ముందే అనుకుని ఉంటారు, ఇదంతా పైకి ఆడే నాటకం అని ఆయన ఖాయం చేసేశాడు. నామినేషన్ల చివరి గంటలో బి-ఫారం కోసం పార్టీ ఆఫీసు మెట్ల మీద పడిగాపులు పడేవాళ్ళను చూసిన మనిషి మరి.

తర్వాత బ్లూంబర్గ్ కంపెనీలో ఫిర్యాదు చేసిన ఆడవాళ్ళ ఒప్పందాల సంగతి వచ్చింది. నోరు విప్పకూడదని వాళ్ళతో సంతకాలు పెట్టించుకున్నారు కదా, వాళ్ళను ఇప్పుడు మాట్లాడనిస్తారా అని వారెన్ నిలదీసింది. నేను వేసిన జోకు వాళ్ళకు నచ్చలేదేమో అన్నట్టు ఏదో జవాబిచ్చాడు బ్లూంబర్గ్. అక్కడి ప్రేక్షకులు ఒక్కసారిగా మూలిగారు. బాబాయి రిమోట్ తీసుకుని సౌండ్ తగ్గించాడు.

విరామం వచ్చినప్పుడు ఆయన చెప్పింది వినండి: "కొత్త కదా, స్టేజీ అలవాటు లేదు." మూడుసార్లు న్యూయార్క్ మేయర్‌గా చేసినవాడికి స్టేజీ అలవాటు లేదట! మర్నాడు పొద్దున్నకి అది ఇంకా మెరుగుపడింది. "మాటలు వేరు, పాలన వేరు, మాటకారులను మనం చూడలేదా" అని వాట్సాప్ గ్రూపులో పెద్ద మెసేజ్ పెట్టాడు. ఓటు ఎలాగూ వెనక్కి రాదు, ఇక దాన్ని సమర్థించుకోవాలి కదా.

మిగతావాళ్ళూ తక్కువేం కాదు. బాబాయి కొడుకు శాండర్స్ అభిమాని. రెండు గంటలూ ఫోన్లోంచి తల ఎత్తలేదు, ఎదురుగా డిబేట్ జరుగుతుంటే దాని క్లిప్పులు చూస్తున్నాడు. అయ్యాక "బెర్నీ ఇరగదీశాడు" అని తీర్పు ఇచ్చాడు. పిన్నిది బైడెన్ పార్టీ అని మాకెవరికీ అప్పటిదాకా తెలియదు. ఆయన ఆ రాత్రి ఏం మాట్లాడాడో ఒక్క వాక్యం చెప్పమంటే మాలో ఎవరూ చెప్పలేకపోయాం, పిన్నితో సహా. అందరికంటే ఎక్కువ గొంతు చించుకున్నది మా ఆవిడా నేనూ. మేం హెచ్-1బి మీద ఉన్నాం, మాకు ఓటే లేదు. ఇది నేను చాలాచోట్ల గమనించాను, ఓటు లేనివాడి అరుపే ఎక్కువ వినిపిస్తుంది.

మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా, అంతసేపు మాట్లాడినా మా గ్రీన్ కార్డు క్యూ గురించి ఒక్క ముక్క లేదు. ఒక్కో దేశానికి ఏడు శాతం పరిమితి పెట్టడంతో మనవాళ్ళు ఏళ్ళ తరబడి ఆగిపోయారు. దాన్ని సవరించే బిల్లు అంతకుముందు జూలైలో ప్రతినిధుల సభలో 365–65 ఓట్లతో నెగ్గి, సెనేట్‌లో చిక్కుకుంది. ఆ స్టేజీ మీదున్న ముగ్గురు సెనేటర్లను ఎవరైనా దాని గురించి అడగొచ్చుగా? అడగరు. మెక్సికో అధ్యక్షుడి పేరు క్లోబుచార్‌కి గుర్తు రాలేదని మాత్రం బోలెడంత సేపు సాగదీశారు. బుటిజెజ్ దాన్ని పొడిస్తే, నన్ను తెలివితక్కువదాన్నంటున్నావా అని ఆమె మండిపడింది.

సరే, అసలు ప్రశ్నకు వస్తాను. ఆ డిబేట్‌ను దాదాపు 2 కోట్ల మంది చూశారు, అప్పటిదాకా డెమొక్రటిక్ డిబేట్లలో అదే రికార్డు. వారెన్ దుమ్ము దులిపిందని దాదాపు ప్రతి విశ్లేషకుడూ అన్నాడు. మూడు రోజుల తర్వాత, లాస్ వేగస్ ఉన్న నెవాడా రాష్ట్రంలో గెలిచింది శాండర్స్. వారెన్‌ది నాలుగో స్థానం. అక్కడ ఓటేసిన సుమారు లక్షా అయిదు వేల మందిలో 75 వేల దాకా డిబేట్‌కి ముందు రోజుకల్లా ఓటేసేశారు! మార్చి 3న వారెన్ సొంత రాష్ట్రం మసాచుసెట్స్‌లోనే మూడో స్థానంలో పడింది. ఆ రోజు ఓటేసిన 14 రాష్ట్రాల్లో పదింటిని పట్టుకుపోయింది, మాకెవరికీ మాట గుర్తులేని బైడెన్. టెక్సస్ కూడా ఆయనదే, బ్లూంబర్గ్ మూడోవాడు.

బ్లూంబర్గ్‌ని ముంచింది వారెనే కదా అని కామెంట్లలో ఎలాగూ అంటారు. నేనొప్పుకోను. సౌత్ కరోలినాలో అక్కడి పలుకుబడి గల నల్లజాతి నాయకుడు జిమ్ క్లైబర్న్ బైడెన్ వెనక నిలబడ్డాడు, ఫిబ్రవరి 29న అక్కడ బైడెన్ భారీగా గెలిచాడు, దాంతో గాలి మారింది. బుటిజెజ్, క్లోబుచార్ పోటీలోంచి తప్పుకుని మార్చి 2 సాయంత్రం మా డాలస్‌కే వచ్చి బైడెన్‌కి మద్దతు పలికారు. వేగస్‌లో ఒకరి మీద ఒకరు కారాలు మిరియాలు నూరినవాళ్ళు! తెనాలి ఆయన అప్పటికి ఇంటికి వెళ్ళిపోయాడు గానీ, ఉంటే "నేను చెప్పలేదా" అనేవాడు. మార్చి 3న బ్లూంబర్గ్‌కి మిగిలింది పసిఫిక్‌లోని చిన్న అమెరికా దీవుల ప్రాంతం అమెరికన్ సమోవా ఒక్కటే, మర్నాడే విరమించుకున్నాడు.

ఇంట్లో కూర్చున్నవాళ్ళకు ఎక్కడ ఆశ్చర్యపోవాలో, ఎక్కడ నవ్వాలో నేర్పేది ఆ హాల్లో కూర్చున్న జనమే అని కూడా నా అనుమానం. కరోనా వల్ల మార్చి 15న బైడెన్, శాండర్స్ డిబేట్ వాషింగ్టన్‌లో ప్రేక్షకులు లేకుండా స్టూడియోలో పెట్టారు. బాబాయి సగంలోనే టీవీ కట్టేశాడు. "ఈలల్లేవు, కేకల్లేవు, ఎవడు పైచేయో ఎలా తెలుస్తుందిరా" అన్నాడు ఫోన్లో. ఉపాధ్యక్ష పదవికి మహిళనే తీసుకుంటానని బైడెన్ మాటిచ్చింది ఆ డిబేట్‌లోనే. ఆ సంగతి ఆయనకు పిన్ని చెప్పింది, ఆవిడ చివరిదాకా చూసిందట.