మొదటి రోజే కోరాపుట్ చేరాలా?

ప్రశ్న: మే నెలలో నేనూ మా ఫ్రెండూ ఒకే బైక్ మీద కోరాపుట్ ట్రిప్ వేద్దామనుకుంటున్నాం. గుణుపురం, రాయగడ మీదుగా వెళ్లి, సుంకి ఘాట్ దిగి సాలూరు, పార్వతీపురం మీదుగా తిరిగి రావాలని ప్లాన్. వాడేమో మొదటి రోజే కోరాపుట్ చేరిపోయి, సాయంత్రానికి దేవమాలి కొండ ఎక్కేద్దాం అంటాడు. నాకు మొదటి రాత్రి రాయగడలో ఆగాలనుంది. గట్టిగా చెబితే పిరికివాడిననుకుంటాడేమోనని టెన్షన్. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: రాయగడలోనే ఆగండి. మీ ఫ్రెండ్‌కి ఈ మాట ఇప్పుడే, ఇంకా ఇంట్లో ఉండగానే చెప్పండి, ఎందుకంటే ఇదే మాట ఎండలో రోడ్డు పక్కన నిలబడి చెబితే ఎంత మంచి స్నేహితుడికైనా కోపం వస్తుంది.

మేలో మన గుణుపురం, రాయగడ వైపు ఎండ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. బైక్ నడుస్తున్నంతసేపూ గాలి తగులుతుంది కాబట్టి బాగానే ఉన్నామనిపిస్తుంది గానీ, నలభై డిగ్రీల గాలి ఒంటిని పెద్దగా చల్లబరచదు, పట్టిన చెమటను పట్టినట్టే ఆరబెట్టేస్తుంది, దాంతో ఒంట్లో నీళ్లు ఎన్ని పోయాయో మనకే తెలియదు. తలనొప్పి, చిరాకు మొదలయ్యేసరికి ఆలస్యమైపోతుంది. ఆ చిరాకు ఎవరి మీద పడుతుంది? వెనక కూర్చున్నవాడి మీదే! ట్రిప్ మొదటి రెండు రోజుల్లో స్నేహితుల మధ్య వచ్చే గొడవల్లో చాలావరకు ఎండ తెచ్చే గొడవలేనని నా గట్టి నమ్మకం.

కాబట్టి తెల్లవారుజామున అయిదింటికల్లా బయల్దేరండి. పొద్దున్నే ఇంట్లో చోడి అంబలి తాగి వెళితే మరీ మంచిది. గుణుపురంలో టిఫిన్ చేసి, ఎండ ముదరకముందే రాయగడ చేరి గది తీసుకోండి. పన్నెండు నుంచి నాలుగు దాకా బండి కదలకూడదు, ఇది మాత్రం రాజీ లేని మాట. దారిలో దాహం వేసినా వేయకపోయినా నీళ్లు తాగుతూ ఉండాలి. ఓఆర్‌ఎస్ పెద్ద పొడి ప్యాకెట్ ఒకటి లీటరు నీళ్లలో కలపాలి, సగం సీసాలో కలిపేసి చిక్కగా తాగితే మేలు కన్నా కీడే ఎక్కువ. సాయంత్రం మజ్జిగౌరమ్మను దర్శించుకుని, చెకాగుడ దగ్గర నాగావళి మీది వేలాడే వంతెన దాకా వెళ్లి రండి. రాయగడలో చూడ్డానికేముంది అని మీవాడు అనే ఛాన్సుంది, అప్పుడు ఈ రెండూ చెప్పండి.

ఇక దేవమాలి. 1672 మీటర్ల ఎత్తుతో ఒడిశాలోకెల్లా పెద్ద శిఖరం. చూడాల్సిందే, కాదనను, కానీ మే నెల సాయంత్రం కాదు. అక్కడ పైన తలదాచుకోవడానికి చెట్టూ చేమా ఉండవు, అంతా బోడికొండ. వేసవిలో ఆ కొండల మీద మధ్యాహ్నం దాటాక ఉన్నట్టుండి మబ్బు పట్టి ఉరుములు మొదలవుతాయి. ఒడిశాలో ఏటా పిడుగులకు ఎంతమంది పోతున్నారో పేపర్లో చూస్తూనే ఉన్నాం. ఉరుము వినిపించిందంటే దిగిపోవాలి, ఫోటోల కోసం ఆగకూడదు. రెండో రోజు రాయగడ నుంచి లక్ష్మీపూర్ మీదుగా కోరాపుట్ వెళ్లి, అక్కడో సెమిలిగుడలోనో పడుకోండి. మూడో రోజు వెలుతురు రాగానే దేవమాలి ఎక్కితే మీవాడి కోరికా తీరుతుంది, మీకూ నిశ్చింత.

సుంకి ఘాట్ గురించి ఒక్క మాట. విశాఖ, రాయపూర్ మధ్య తిరిగే లారీలు ఆ దారిన చాలా వస్తాయి. దిగేటప్పుడు పెట్రోలు ఆదా అవుతుందని ఇంజన్ ఆపేయడం, న్యూట్రల్‌లో వదిలేయడం అస్సలు చేయొద్దు. రెండులోనో మూడులోనో పెట్టి ఇంజనే బండిని పట్టి ఉంచేలా దిగండి. బ్రేకు అదేపనిగా తొక్కిపట్టి ఉంచితే వేడెక్కి పట్టు వదిలేస్తుంది. మలుపులో లారీని దాటొద్దు. వెనక టైరులో గాలి ఇద్దరి బరువుకు కంపెనీ చెప్పినంత ఉండాలి, అదీ పొద్దున బండి తీయకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి.

డబ్బు సంగతి మీరు అడగలేదు, అయినా చెబుతున్నా. రోజూ పొద్దున ఇద్దరూ సమానంగా వేసి ఒక ఉమ్మడి పర్సు పెట్టుకోండి, పెట్రోలు, తిండి, గది అన్నీ అందులోంచే. బండి గంటకొకరు నడపండి. ఎవరు ‘ఆపు’ అన్నా రెండోవాడు కారణం అడక్కుండా ఆపాలి. ఈ ఒక్క షరతుకు మీవాడు ఒప్పుకుంటే మిగతావన్నీ సర్దుకుంటాయి తమ్ముడూ. ఒప్పుకోకపోతే మాత్రం ఈ వేసవికి ట్రిప్ మానుకోండి.

ప్రశ్న: నేనూ నా స్నేహితురాలూ స్కూటీ మీద తప్తపాణి, అక్కణ్నుంచి చంద్రగిరి టిబెటన్ల ఊరు చూసి రావాలనుకుంటున్నాం. అమ్మ వద్దంటోంది. ఎలా ఒప్పించాలి?
– ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: అమ్మను ఒప్పించాలంటే వాదించకండి, ఏ టైముకు ఎక్కడుంటారో కాగితం మీద రాసివ్వండి. తప్తపాణి మీకు సుమారు 50 కిలోమీటర్లు. అది వేడినీటి ఊట, అందుకే పొద్దున్నే చూసేసి ముందుకు వెళ్లిపోండి. చంద్రగిరి దగ్గర జీరంగ్‌లోని పద్మసంభవ మహావిహారాన్ని 2010లో దలైలామా ప్రారంభించారు. విశాలంగా, ప్రశాంతంగా ఉంటుంది, మధ్యాహ్నం ఎండను అక్కడ నీడపట్టున గడపొచ్చు. ఘాట్‌లో సిగ్నల్ పోతుందని అమ్మకు ముందే చెప్పండి, లేకపోతే ఫోన్ కలవని ప్రతిసారీ ఆవిడ కంగారుపడుతుంది. ఎక్కడికక్కడ చేరగానే మీరే ఫోన్ చేయండి. లైసెన్స్, ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ డిజీలాకర్‌లో ఉన్నా చెల్లుతాయి గానీ ఫోన్ చార్జింగ్ అయిపోతే కష్టం, జిరాక్సులు కూడా పెట్టుకోండి. హెల్మెట్ ఇద్దరికీ ఉండాలి. అత్యవసరమైతే 112కి ఫోన్ చేయండి. మబ్బు పట్టేలా ఉంటే తిరుగు ప్రయాణం ముందుకు జరుపుకుని, చీకటి పడకముందే ఇల్లు చేరండి.