విశాఖలో సముద్రపు గాలికి తుప్పు పడుతున్న కిటికీ గ్రిల్: మార్చాలా, బాగుచేసుకోవాలా?

సముద్రం పక్కనున్న లాసన్స్ బే కాలనీలాంటి చోట, రెండేళ్ల కిందట రంగేసిన ఇనప గ్రిల్ మళ్లీ తుప్పు పట్టిందంటే చాలావరకు కారణం రంగు కింద మిగిలిపోయిన ఉప్పే. అది గాలిలో తేమను లాక్కుంటుంది. పైన ఎంత ఖరీదైన ఎనామిల్ పెయింటు వేసినా లోపల తుప్పు సాగుతూనే ఉంటుంది, పెయింటు బుడగలు లేచి ఊడొస్తుంది.

అందుకే ముందు మంచినీళ్లు పోస్తూ బ్రష్షుతో రుద్ది కడగాలి. పెయింటర్లు ఎగ్గొట్టేది సరిగ్గా ఈ పనే. ఆరాక వైర్ బ్రష్, ఆపైన 80 నంబరు ఎమరీ పేపరుతో ఇనుము మెరిసేదాకా గీకి, థిన్నర్‌లో తడిపిన గుడ్డతో తుడిచి, అదే రోజు రెడాక్సైడ్ ప్రైమర్ (ఇనుముకు రంగు కింద వేసే ఎర్రటి తొలి పూత) వేయండి. ఒక్క రాత్రి వదిలినా పల్చగా తుప్పు పొర కమ్మేస్తుంది. మర్నాడు ఎనామిల్, అది ఆరాక రెండో కోటు. వెల్డింగ్ అతుకుల దగ్గర, కడ్డీ గోడలోకి దిగే మూలల్లో చిన్న బ్రష్షుతో ఇంకో చేయి వేయాలి. నీళ్లు నిలిచేది అక్కడే.

ఫిబ్రవరి, మార్చి మంచి అదను. అప్పుడైనా ఎండెక్కి మంచు ఆరాకే మొదలుపెట్టండి.

స్క్రూడ్రైవరుతో పొడిస్తే లోపలికి దిగిపోయే కడ్డీ ఉంటే అదొక్కటే కోయించి కొత్తది వెల్డింగ్ చేయించండి. గ్రిల్ మొత్తం మార్చక్కర్లేదు.